డోర్ల ఓబుళేశు పంచాంగం

కర్నూలు నుంచి కల్లూరు వైపు వచ్చే షేర్ ఆటోలు జనాన్ని దింపేచోట ఒక పాత ఇనుప సామాన్ల అంగడి, దానికి ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉన్నాయి. షెడ్డుకు బోర్డు లేదు. గోడ మీద సున్నంతో కారు తలుపు బొమ్మ మాత్రం గీసి ఉంటుంది. అది బీరువా కాదు, కారు తలుపే అని ఓబుళేశు ఒట్టేసి చెబితే తప్ప ఎవరూ నమ్మరు.

ముప్పై రెండేళ్ళుగా ఆ షెడ్డులో జరిగే పని ఒకటే. పాత కార్ల తలుపులు విప్పడం, కిటికీ అద్దాన్ని బయటికి లాగడం, దాన్ని ఎక్కించి దించే రెగ్యులేటరును ఊడదీసి బాగుచెయ్యడం, మళ్ళీ అన్నిటినీ ఎక్కడివక్కడ బిగించడం. ఇంజను జోలికి ఓబుళేశు పోడు. ఎవరైనా అడిగితే, "పండ్లు పీకే డాక్టర్ని పట్టుకోని గుండెకాయ చూడమంటే ఎట్లప్పా?" అంటాడు. అందుకే చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన పేరు డోర్ల ఓబుళేశు.

చూసేవాళ్ళకు ఇది సులువైన పనే. చూసేవాళ్ళకు అన్నీ సులువే. అంబాసిడర్ తలుపు లోపలి అట్ట ఊడదీస్తే రేకులో మనిషి చెయ్యి కష్టంగా పట్టే కంత ఒకటి కనిపిస్తుంది. అందులో మోచేతి దాకా దూర్చాక ఇక కళ్ళతో పని లేదు. అద్దం అడుగున చానల్ అనే ఇనుప పట్టీ ఉంటుంది. రెగ్యులేటరు చివరనున్న చిన్న రోలరు ఆ చానల్లో కూర్చుని జారుతుంది. ఆ రోలరును వేళ్ళతో తడిమి, చానల్ కొస దాకా జరిపి, బయటికి తప్పించాలి. తప్పించిన మరుక్షణం అద్దానికి కింద ఆధారం పోతుంది. పైన ఎవరూ పట్టుకోకపోతే తలుపు అడుక్కు పడి ముక్కలవుతుంది. ఆ కాలపు అద్దాలు ఇప్పుడు ఎంత వెదికినా దొరకవు.

అందుకే ఓబుళేశు ఒక నియమం పెట్టుకున్నాడు. అద్దాన్ని కారు యజమానే పట్టుకోవాలి. పనివాడు కాదు, డ్రైవరు కాదు, బావమరిది అసలే కాదు. పని నేర్చిన కొత్తలో ఒక ఆసామి డ్రైవరు చేతిలో అద్దం పగిలింది. పగలగొట్టింది నువ్వంటే నువ్వని ఏడాది పాటు పంచాయితీలు నడిచాయి. ఆ తర్వాత ఎంతవాడొచ్చినా ఒకటే మాట: "నీ అద్దం నువ్వే పట్టుకోప్పా. నిలిస్తే నీ పుణ్యం, పగిల్తే నీ పాపం."

అలా నలభై ఎకరాల రైతులు, కాంట్రాక్టర్లు, ఎర్రగుంట్ల నుంచి వచ్చిన సిమెంటు లారీల యజమానులు, అందరూ ఆ షెడ్డులో రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డవాళ్ళే. ఎన్నికల్లో గెలిచిన ఒకాయన పదిమంది అనుచరులతో వస్తే, ఆ పదిమందినీ టీ తాగిరమ్మని పంపి, ఆయన్ని ఒక్కణ్ణే ఇరవై నిమిషాలు నిలబెట్టాడు. బడిలో అయివారు నిలబెట్టాక మళ్ళీ అంతసేపు చేతులెత్తింది ఇప్పుడేనని ఆయనే నవ్వుతూ చెప్పుకున్నాడు.

ఇంకో చిత్రం ఉంది. అద్దం తిప్పే హ్యాండిల్‌ను బిగించి ఉంచేది సూదంత పిన్ను. అది కింద పడితే దుమ్ములో మళ్ళీ దొరకదు. అందుకని ఓబుళేశు దాన్ని పెదాల మధ్య పెట్టుకుంటాడు. పని అయ్యేదాకా ఆయనకు మాట లేదు, ఎదుటివాడికి చెయ్యి లేదు. చేతులు ఖాళీ లేని మనిషి నోరు ఊరుకోదు కదా. అన్నదమ్ముల తగాదాలు, అల్లుళ్ళ ఘనకార్యాలు, మోకాళ్ళ నొప్పులు అన్నీ ఓబుళేశు నెత్తిన పోసేవారు. ఆయన "ఊఁ" అనేవాడు. కర్నూలు గుట్టులో సగం ఆ "ఊఁ" కింద భద్రంగా ఉంది.

కిందటి కార్తీకంలో ఒకరోజు హ్యాండిల్ విప్పుతుంటే పిన్ను కనపడలేదు. కింద వెదికాడు, చొక్కా దులిపాడు. చివరికి చూసుకుంటే అది ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనే ఉంది. చేతిలో ఉన్నదాని సంగతి చేతికే తెలియలేదు.

ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. షుగరు ఎన్నాళ్ళనుంచో ఉందనీ, వేళ్ళకొసల్లో నరాలు దెబ్బతిన్నాయనీ, మాత్రలు వాడితే ఇంకా ముదరకుండా ఉండొచ్చు గాని పోయిన స్పర్శ తిరిగి వస్తుందని చెప్పలేననీ ఆయన అన్నాడు. ఓబుళేశు మాత్రల చీటీ మడిచి స్పానర్ల డబ్బా అడుగున దాచాడు. భార్య రామలక్ష్మమ్మకు కూడా చెప్పలేదు. ఆయనకు భయం వేసింది. వేళ్ళు పోయిన డోర్ల ఓబుళేశు ఎవరికి కావాలి? ఈ పని పోతే తను ఎవరు? రాత్రిళ్ళు ఇదే తలుచుకుంటూ పక్క మీద దొర్లేవాడు.

దేవుడికి కూడా వేళాకోళం ఎక్కువ. సరిగ్గా అప్పుడే పాత కార్లకు గిరాకీ పెరిగింది. పెళ్ళికూతురు అంబాసిడర్‌లో దిగితేనే ఫోటోలు బాగా వస్తాయట. గడ్డివాముల పక్కనా గోడౌన్లలోనా కోళ్ళు గుడ్లు పెడుతున్న కార్లన్నీ దుమ్ము దులుపుకుని ఓబుళేశు షెడ్డు ముందుకు వచ్చాయి. అన్నిటికీ అద్దాలు బిగుసుకుపోయే ఉన్నాయి.

వద్దనడానికి కారణం కావాలి. అబద్ధం ఆడటంలో ఓబుళేశుకు అనుభవం తక్కువ. బస్టాండులో ఒక చిన్న పంచాంగం కొన్నాడు. అంతే, అన్నిటికీ అదే జవాబైంది. "ఈ పొద్దు అష్టమప్పా, డోరు విప్పితే ఇంటాయనకు మంచిది గాదు." "రేపు వర్జ్యం శానా సేపుండాది." "మంగళారం ఇనుముకు చెయ్యి పెట్టగూడదు." కళ్ళకు కనపడే చిన్నాచితకా పనులు మాత్రం చేసేవాడు. తలుపు లోపల చెయ్యి పెట్టవలసిన పనికి మంచిరోజు ఏ నెలలోనూ రాలేదు.

జనం విసుక్కుంటారని ఆయన అనుకున్నాడు. జనం సంగతి ఆయనకేం తెలుసు? వాళ్ళు భక్తితో మురిసిపోయారు. ముప్పై ఏళ్ళు గుడి మెట్టెక్కని ఓబుళేశుకు ఏదో అనుగ్రహం కలిగిందని చెప్పుకున్నారు. పక్కనున్న ఇనుప సామాన్ల బసవరాజ్, బోరు వెయ్యడానికి ఎప్పుడు మంచిదని అడిగాడు. ఇతన్ని వదిలించుకుంటే చాలని ఓబుళేశు "గురువారం పొద్దున" అన్నాడు. ఖర్మ కాలి, మూడు వందల అడుగులకే నీళ్ళు పడ్డాయి. కల్లూరులో మూడు వందల అడుగులకు నీళ్ళంటే మాటలా! మర్నాటి నుంచి కొబ్బరికాయలు పట్టుకుని వచ్చేవాళ్ళు మొదలయ్యారు. ఒకాయన కూతురి జాతకమే తెచ్చాడు. ఓబుళేశుకు మింగలేక కక్కలేక అయింది. రామలక్ష్మమ్మ ఇదంతా షెడ్డు వెనకే ఉన్న ఇంట్లో, వంటింటి గుమ్మం నుంచి చూస్తూనే ఉంది.

ఈ వైభవం ఒక బుధవారం పొద్దున, వైశాఖ మాసపు ఎండలో, సుబ్బరత్నమ్మ చేతిలో ముగిసింది.

సుబ్బరత్నమ్మకు అరవై నాలుగేళ్ళు. భర్త కేశవయ్యతో కలిసి కర్నూలు పాత బజారులో పసుపు, కుంకుమ, పూజాసామాన్ల అంగడి నడుపుతుంది. మనిషి పొట్టి, మాట పొడుగు. కొడుకు వేణుగోపాల్ ఆమెనూ, ఆమె మామగారి నాటి తెల్ల అంబాసిడర్‌నూ షెడ్డు ముందు దింపి, పెళ్ళి పత్రికలు పంచాలని ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. శుక్రవారం మనవరాలు శ్రీవాసవి పెళ్ళి. ఆ పిల్ల తాత కారులోనే మండపానికి పోతానంది. వెనక ఎడమవైపు అద్దం పైకెక్కి బిగుసుకుంది.

"ఏమప్పా ఓబుళేశూ, ఏసీ లేని కారు. ఈ ఎండకు అద్దం దిగకపోతే పిల్ల మేకప్పు మండపం దాకా యాడ నిలుస్తాది? పీటల మీద కూచునే పొద్దుకు దాన్ని వాళ్ళ నాయినే గుర్తుపట్టడు," అంది.

ఓబుళేశు పంచాంగం తీశాడు. "ఈ పొద్దు బుధవారమమ్మా. రాహుకాలం ఉండాది."

"పన్నెండుకు గదా. ఇప్పుడు తొమ్మిదిన్నర."

"వర్జ్యం కూడా..."

"వర్జ్యం రాత్రికి."

"నక్షత్రం గూడా సరిగా లేదమ్మా."

"హస్తకు ఏమొచ్చిందప్పా? చేతిపనికి దాన్ని మించిన నక్షత్రం యాడుండాది?" అంటూ ఆమె పంచాంగం వైపు చెయ్యి చాపింది. "ఏదీ, ఈడియ్యి. ఇది పోయిన ఏటికి ముందటిది. మా అంగట్లోనే అమ్మింటిమి, మిగిల్నవి బస్టాండోనికి ఇచ్చేస్తిమి."

ఆర్నెల్లుగా కల్లూరు జనం ఎప్పుడో చెల్లిపోయిన తిథులతో నడిచారని అప్పుడు తెలిసింది. బసవరాజ్ బోరుతో సహా.

ఇంక తప్పించుకోవడానికి దారి లేదు. ఓబుళేశు తలుపు తెరిచి కింద గోనెపట్టా పరిచాడు. హ్యాండిల్ వెనక బిళ్ళను లోపలికి నొక్కి పిన్ను తోశాడు. అది రెండుసార్లు జారి పడింది. రెండుసార్లూ సుబ్బరత్నమ్మే వెదికింది, రెండోసారి దాన్ని తన కొప్పులో గుచ్చుకుంది. అట్ట ఊడదీశాడు. రెగ్యులేటరు మరలు నాలుగూ కళ్ళముందే ఉంటాయి కనుక వదులు చేశాడు. ఆమె చీర చెంగు దోపుకుని రెండు అరచేతులతో అద్దాన్ని అదిమి పట్టింది. ఈ షెడ్డు నియమం ఆమెకు వినికిడే.

ఆయన కంతలో చెయ్యి పెట్టాడు. చెంప తలుపుకు ఆనించి, కళ్ళు మూసుకుని వెదకసాగాడు. పది నిమిషాలైంది. నుదుటి చెమట గడ్డం మీదికి కారింది. రేకులో పక్కనున్న ఇంకో సందులోంచి ఆమెకు ఆయన వేళ్ళు కనిపిస్తున్నాయి.

"యాడుండాదబ్బా ఈ రోలరు," అని గొణిగాడు ఓబుళేశు.

"నీ వేలు దాని మీదనే ఉండాది గదప్పా," అంది సుబ్బరత్నమ్మ.

ఆయన మెల్లగా చెయ్యి బయటికి తీశాడు. చూపుడువేలు రేకు అంచుకు తెగి, రక్తం మణికట్టు దాకా కారి ఉంది. ఆయన దాన్ని ఎవరిదో వేలు చూసినట్టు చూశాడు. నొప్పి లేదు. ముఖంలో ఉలికిపాటు కూడా లేదు.

సుబ్బరత్నమ్మ నలభై ఏళ్ళు అంగట్లో కూర్చున్న మనిషి. కొనేవాడెవడో ఊరకే బేరమాడేవాడెవడో ముఖం చూసి చెప్పగలదు. ఆమెకు పంచాంగం సంగతంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. సంచిలోంచి పసుపు తీసి ఆయన వేలికి అద్ది, గుడ్డపీలిక చుట్టి కట్టింది.

"రా, నువ్వు పట్టుకో అద్దం. నేను చెయ్యి పెడతా."

"మీరా! మీకేం తెలుసమ్మా ఈ పని?"

"మూరెడు లోతు జాడీలో చెయ్యి పెట్టి అడుగు ఊరగాయ తీసేదాన్ని. ఇదేమన్నా దానికంటే లోతా? నువ్వు చెప్తాండు, నేను చేస్తాంటా."

పెళ్ళి ఇంటి ముత్తైదువ కనుక గాజులు తీయనంది. వాటిని మోచేతి దాకా తోసి, చేతిగుడ్డతో గట్టిగా కట్టింది. ఓబుళేశు అద్దానికి చెరోవైపు అరచేతులు ఆనించాడు.

"నాకు పట్టు తెలీదమ్మా. కండ్లతో చూసుకుంటానే పట్టుకోవాల," అన్నాడు. ఆ ఒక్క మాట బయటపడేసరికి మిగతావి దాని వెనకే వచ్చాయి. కార్తీకంలో పిన్ను, డాక్టరు, నరాలు, మాత్రల చీటీ, అన్నీ. ముప్పై ఏళ్ళు ఇతరుల గుట్టు విన్నవాడు తన గుట్టు మొదటిసారి చెప్పుకుంటున్నాడు. అదీ రెండు చేతులూ పైకెత్తి.

"ఊఁ," అంది సుబ్బరత్నమ్మ, మోచేతి దాకా తలుపులో ఉండి.

"డోర్ల పని తప్ప ఇంగేం రాదమ్మా నాకు. ఇది పాయనంటే నేను యాదానికి పనికొస్తా?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చేతులు లేవు. అవి చెంపల మీదుగా కారి మీసంలోకి పోయాయి.

తలుపులో ఆమె చెయ్యి ఆగింది. "ఇదేందప్పా? రోలరు చుట్టూ గట్టిగా ఏమో ఉండాది." గోటితో గీకి పిడికెడు బయటికి తీసింది. పసుపురంగు గడ్డ. నూనె పట్టి రాయిలా ఉంది. ఓబుళేశు ఏడుపు మధ్యలోనే దాన్ని వంగి చూశాడు.

"అక్షింతలమ్మా," అన్నాడు. "ఏటేటా ఆయుధపూజకు కారు మీద చల్లుతారు గదా?"

"చల్లుతాం. నేనే చల్లుతా."

"అద్దాలు దించి చల్లుతారా?"

"లోపల గూడా పడాలని..."

"కిర్రుమంటాదని డ్రైవరు ఆముదం పోసింటాడు. నలభై ఏండ్లుగా మీరు డోర్లో పులిహోర కలుపుతాండారమ్మా."

సుబ్బరత్నమ్మ ముఖం చూడాలి అప్పుడు. కర్నూలంతటికీ పూజావిధానం చెప్పే మనిషి. ఆమె గొంతు తగ్గించింది. "ఈ మాట మా ఇంటాయనకు చెప్పొద్దప్పా. పదేండ్లుగా అద్దం చెడగొట్టింది ఆయనేనని తిడతాండా."

ఓబుళేశుకు నవ్వొచ్చింది. ఆర్నెల్ల తర్వాత వచ్చిన నవ్వు, కన్నీళ్ళ మీదే వచ్చింది.

సరిగ్గా అప్పుడే రామలక్ష్మమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది. కారు యజమానురాలు తలుపులో చెయ్యి పెట్టి ఉంది. మొగుడు చేతులెత్తి ఏడుస్తూ నవ్వుతున్నాడు. ఏ భార్య అయినా కంగారు పడాలి. ఆమె చెంబు కింద పెట్టింది.

"ఇంగైనా చెప్పినాడామ్మా?" అని సుబ్బరత్నమ్మనే అడిగింది.

ఓబుళేశు నోరు తెరిచాడు. "నీకు తెలుసా?"

"తెలీకేం? సంక్రాంతి ముందర కాగే కాఫీ గిన్నె వట్టి చేత్తో దించితివి. చెయ్యి బొబ్బలెక్కింటే చూసుకోకపోతివి. ఆ పొద్దే తెలుసు. స్పానర్ల డబ్బాలో చీటీ చూసి మాత్రలు తెచ్చి, నీ రాగి సంగట్లో పొడి చేసి కలుపుతాండా. సంగటి చేదుగా ఉండాదని ఒక్క దినమన్నా అంటివా?"

"రాగులు పాతవనుకుంటి," అన్నాడు ఓబుళేశు.

"నువ్వే చెప్తావని చూస్తి. ఊరందరికీ మంచిరోజు చెప్తివి గానీ నాకు నీ చెడ్డరోజు చెప్పకపోతివి." ఆమె ఆయన ముందుకొచ్చి నిలబడింది. "ఏంటికయ్యా? నన్ను అంత కానిదాన్ని చేస్తివి?"

"భయమాయె లక్ష్మీ," అన్నాడు ఓబుళేశు. ఆమె కొంగుతో ఆయన ముఖం తుడిచింది. మెల్లగా ఏమీ తుడవలేదు. చట్టి తోమినట్టు తోమింది.

రోలరు వదులైంది. అద్దాన్ని ఒక పక్కకు ఒరిగించి ముగ్గురూ కలిసి బయటికి తీశారు, రెగ్యులేటరునూ తీశారు. కిరోసిన్‌లో కడగడం, గీకడం, గ్రీసు పట్టించడం కళ్ళముందు జరిగే పనులు. అక్కడ ఓబుళేశు చేతులకు ఇంకా తిరుగులేదు. సుబ్బరత్నమ్మ మజ్జిగ తాగి, "నాకు చెయ్యి పీకుతాంది, బిగించేది మీ ఇద్దరి పని," అని బల్ల మీద కూర్చుంది.

అలా రామలక్ష్మమ్మ కంతలో చెయ్యి పెట్టింది. ఓబుళేశు పైనుంచి అద్దం దించి, అరచేతుల మధ్య నిలిపి, చూపు దాని మీద నుంచి తిప్పకుండా నిలబడ్డాడు. "ఎడమకు... ఇంగా కొంచెం కిందకి..." అని చెప్పబోతే, "గమ్మునుండయ్యా, ముప్పై ఏండ్లుగా వింటాండా ఈ మాటలు," అంది ఆమె. లోపల ఏదో తగిలింది.

"పడిందిలే," అంది.

"పడలేదు. అది చానల్ అంచు. చప్పుడు పల్చగా వచ్చె."

ఆమె ఇంకాస్త జరిపి నొక్కింది. ఈసారి టక్‌మని బొద్దుగా ఒక చప్పుడు వచ్చింది.

"ఇప్పుడు పడె," అన్నాడు ఓబుళేశు.

రామలక్ష్మమ్మ తలెత్తి చూసింది. "నాకే తెలీలేదు. నీకెట్ల తెలిసె?"

"వింటి గదా." అనేశాక తనే ఆశ్చర్యపోయాడు. వేళ్ళు చేస్తున్నాయనుకున్న పనిలో సగం ఇన్నేళ్ళూ చెవులే చేస్తున్నాయని ఆయనకు తెలియదు. నిలబడ్డచోటే కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలాడు.

ఆమె మరలు బిగించి, సుబ్బరత్నమ్మ కొప్పులోంచి పిన్ను తీసుకుని హ్యాండిల్ తగిలించి తిప్పింది. అద్దం చిన్న కిర్రు కూడా లేకుండా, ఆయన అరచేతుల మధ్య నుంచి జారుకుంటూ తలుపులోకి దిగిపోయింది.

ఓబుళేశు కళ్ళు మూసుకునే ఉన్నాడు. చేతులు రెండూ పైనే ఉన్నాయి. వాటి మధ్య గాలి తప్ప ఏమీ లేదు. అయినా ఆయన జాగ్రత్తగా అదిమి పట్టుకునే ఉన్నాడు.

సుబ్బరత్నమ్మ ఫక్కున నవ్వి, మరుక్షణం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రామలక్ష్మమ్మ గ్రీసు చేతులతోనే ఆయన చేతులు రెండూ పట్టుకుని కిందికి దించింది. "దిగిందయ్యా, ఇంగ వదులు," అంది.

"ఎప్పుడు దిగె?" అన్నాడు ఓబుళేశు. ఆమె చేతులను మాత్రం వదల్లేదు. పట్టు తెలియదు కనుక, చూసుకుంటూ పట్టుకున్నాడు.